ఐసు ఫ్యాక్టరీలో షూటింగు

భీమిలి రోడ్డులో సాగర్‌నగర్ దాటాక, సముద్రం వైపు సరుగుడు తోటల వెనక, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. పేరు బోర్డు ఎప్పుడో ఊడిపోయింది. చుట్టుపక్కల వాళ్లు మాత్రం దానికి సొంతంగా ఒక పేరు పెట్టుకున్నారు — తలుపు కొట్టే ఫ్యాక్టరీ.

పొద్దుగూకితే ఆ పక్కకి ఎవరూ పోరు. పదకొండేళ్ల కిందట లోపల గ్యాసు లీకయింది. ఎవరో పోయారు. వాచ్‌మన్ అని ఒకరంటారు, పనికొచ్చిన మనిషని ఒకరంటారు, అసలెవరూ పోలేదని ఇంకొకరు. కానీ ఒక్క సంగతి మాత్రం అందరూ ఒప్పుకుంటారు. చీకటి పడ్డాక లోపలి నుంచి తలుపు కొట్టిన చప్పుడొస్తుంది. పలకకూడదు. పలికితే... ఏమవుతుందో చెప్పినవాళ్లు లేరు.

ఇలాంటివి నేను నమ్మే మనిషిని కాదు. కానీ ఇది నాకు అనూరాధ చెప్పింది. అనూరాధకి కథలల్లడం రాదు. అందుకే కదా కథలు రాసేవాళ్లని వేరే పెట్టుకుంటుంది!

మేమిద్దరం ఉక్కునగరం క్వార్టర్లలో పక్కపక్కన పెరిగాం. వాళ్ల నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికొచ్చారు. తను ఇంజినీరింగ్ చదివి, పదేళ్లు బుద్ధిగా ఉద్యోగం చేసి, నలభై దగ్గర పడుతుండగా ఒకరోజు "సినిమా తీస్తానే" అంది. తీసింది కూడా.

ప్రొడ్యూసరంటే కారు దిగొచ్చి కుర్చీలో కూర్చునే మనిషనుకునేదాన్ని, ఒకసారి తన షూటింగుకి వెళ్లేదాకా. హీరోయిన్ అలిగితే కారవాన్ మెట్ల మీద కూర్చుని బతిమాలుతోంది. జనరేటర్ డ్రైవరుకి జ్వరమొస్తే మాత్ర కోసం అందరి బ్యాగులూ వెతుకుతోంది. అందరూ తిన్నాక తింటుంది. అందరూ వెళ్లాక, లైట్లు ఆరాయో లేదో తన కళ్లతో చూసుకుని ఆఖర్న వెళ్తుంది.

ఆ అలవాటు వల్లే ఆ సాయంత్రం అక్కడ ఒంటరిగా మిగిలింది.

డిసెంబరు నెల. అప్పటికే తుపానుకి రెండు షెడ్యూళ్లు కొట్టుకుపోయాయి. డైరెక్టరుకీ హీరోకీ మాటల్లేవు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది అనూరాధే. సరిగా నిద్రపోయి వారం దాటింది.

ఆ రోజు తీసింది ఐసు గది సీను. పడవ మునిగి పోయినవాళ్లని గదిలో వరసగా పడుకోబెట్టి ఉంటారు, హీరో వచ్చి తల్లి శవాన్ని వెతుక్కుంటాడు. శవాలుగా పడుకోడానికి పెదజాలారిపేట నుంచి ఆడవాళ్లని బస్సులో తెచ్చాడు జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు వీరన్న. మొహాలకి నీలం రంగు, పెదాలకి నలుపు, పైన తెల్ల దుప్పట్లు. చుట్టూ నిజం ఐసు దిమ్మలు. నేల మీద పొగ పాకడానికి డ్రై ఐసు.

సీను బాగా వచ్చింది. కానీ డైరెక్టరు ఇంకో షాటు మర్నాడు పొద్దున్నే కావాలన్నాడు.

"అయితే ఐసు కరిగిపోకూడదు. ఆ తలుపు వేసెయ్యండి" అంది అనూరాధ.

జానెడు మందం తలుపు. బయట పెద్ద ఇనప గడియ. సెట్ కుర్రాళ్లు లాగి వేసేశారు.

ఆరు దాటేసరికి అంతా సర్దుకున్నారు. మొహాలు ఇంటికెళ్లి కడుక్కుంటామని ఆడవాళ్లు రంగులతోనే బస్సెక్కేశారు. హీరోయిన్ని ఎయిర్‌పోర్టులో దింపాల్సిన బండి మొరాయిస్తే, అనూరాధ తన కారిచ్చి పంపింది. అది తిరిగొచ్చేదాకా వరండా మెట్ల మీద కూర్చుంది. తోడుగా వాచ్‌మన్ కొండలరావు ఉన్నాడు. ఆయనా కాసేపటికి సైకిల్ తీశాడు.

"నానెల్లిపోతన్నాను మేడం. మీరూ రోడ్డు మీదకొచ్చీండి."

"కారొస్తుంది లెండి. అయినా మీరు కాపలా కదా?"

"పగలే అమ్మా నా కాపలా. సీకటడితే..." గొంతు తగ్గించాడు. "తలుపు కొడతాది. మీరు పలక్కండి."

అనూరాధ నవ్వింది. సైకిల్ చప్పుడు తోటల్లో కలిసిపోయింది.

గాలి లేదు. దూరంగా అలల హోరు. రోడ్డు మీద ఒక్క దీపం. ఫోన్‌లో మర్నాటి పనులు రాసుకుంటోంది...

టక్... టక్... టక్.

తలెత్తింది. వరండా చివర ఐసు గది. అటు నుంచే.

ఏ రేకో కదిలి ఉంటుంది. మళ్లీ ఫోన్‌లోకి చూసింది.

టక్. టక్. టక్. ఈసారి గట్టిగా. మనిషి కొట్టినట్టు.

"నేనెప్పుడు లేచానో, ఎప్పుడు పరిగెత్తానో నాకు తెలీదే" అంది నాతో. "గేటు దగ్గరికొచ్చాకే నా ఊపిరి నాకు వినిపించింది. ఒక చెప్పు అక్కడే వదిలేశాను."

మేనేజరు కన్నబాబుకి ఫోన్ చేసింది. "కన్నబాబూ, ఫ్యాక్టరీలో ఎవరైనా ఉండిపోయారా?"

"ఎవలుంటారు మేడం? అందరూ ఎల్లిపోనారు. ఈరన్న దగ్గరుండి బస్సెక్కించీసాడు. ఏటైంది?"

"ఏం లేదు."

పెట్టేసింది. ఏమని చెబుతుంది? పది నిమిషాలు గేటు దగ్గరే నిలబడింది. చప్పుడు ఆగుతోంది... మళ్లీ వస్తోంది. వద్దనుకున్నా చెవులు అటే వెళ్తున్నాయి.

అప్పుడొకటి తట్టింది.

ఇందాక చప్పుడు తలుపు పైభాగం నుంచి వచ్చింది. ఇప్పుడు అడుగు నుంచి వస్తోంది. గట్టిగా లేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతోంది. నిలబడి కొట్టిన మనిషి... కూర్చుండిపోయి కొడుతున్నట్టు.

ఫోన్ లైటేసి, గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ గది ముందుకు చేరింది. తలుపు అంచున రబ్బరు నడుమెత్తు నుంచి అడుగుదాకా చిరిగి ఉంది. ఆ సందులోంచి పొగ సన్నగా బయటికి పాకుతోంది.

చప్పుడు ఆగిపోయింది.

అనూరాధ వంగింది. అప్పుడు వినిపించింది — దగ్గు.

ఎండిపోయిన, చిన్న దగ్గు.

దెయ్యాలు దగ్గుతాయా?

గడియ రాలేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. వరండాలో లైటు స్టాండుంటే దాని ఇనప కాలు ఊడదీసి గడియ కింద పెట్టి ఎత్తింది. అరచెయ్యి చీరుకుపోయింది. తలుపు జరిగింది. మోకాళ్లెత్తున తెల్లటి పొగ ఒక్కసారి మీదికొచ్చింది.

ఆ పొగలోంచి ఒక శవం లేచి అనూరాధ మీద పడింది.

నీలం మొహం. నల్ల పెదాలు. మంచులాంటి చేతులు మెడ చుట్టూ బిగుసుకున్నాయి. ఆ నల్ల పెదాలు కదిలాయి.

"అమ్మా... నాను సచ్చిపోనేదు..."

ఆమె పేరు వరహాలమ్మ. ఐసు దిమ్మల వెనక, ఆఖరి వరసలో పడుకున్న శవం ఆమే. డ్రై ఐసు పొగంటే బొగ్గుపులుసు వాయువు, నేల మీదే కదా తిరుగుతుంది. పడుకున్న మనిషికి మత్తులా కమ్మేసింది. మెలకువొచ్చేసరికి చీకటి, మూసిన తలుపు. కొట్టింది, అరిచింది. ఓపిక లేక కూలబడి, ఆ రబ్బరు సందు పైభాగానికి నోరానించి గాలి పీల్చుకుంటూ, చేతికున్న ఇత్తడి కడియంతో కొడుతూనే ఉంది.

అంతలో తిరిగొచ్చిన కారులో ఆసుపత్రికి చేర్చింది అనూరాధ. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు ఆసుపత్రిలో డాక్టరు.

కన్నబాబు పరిగెత్తుకొచ్చాడు. అనూరాధని పక్కకి పిలిచి గుసగుసలాడాడు. "కల్లు తిరిగి పడిపోనాదని సెప్దాం మేడం. తలుపు మాట బయటికొచ్చిందంటే షూటింగ్ ఆపీత్తారు. హీరో రేపొక్కరోజే ఉన్నాడు."

"ఆ నిమిషం నాకూ ఆశ పుట్టింది" అంది అనూరాధ నాతో, కళ్లు దించుకుని. "పుట్టలేదని నీకు అబద్ధం చెప్పను."

కానీ తను లోపలికెళ్లి మంచం పక్కన కూర్చుంది. వరహాలమ్మ మొగుడు చేపల వేటకెళ్లి సముద్రం మీదున్నాడు. మనిషి దగ్గర ఎవరూ లేరు. మొహానికి నీలం రంగు ఇంకా చారలు చారలుగా ఉంది. అనూరాధ తడిగుడ్డతో తుడిచింది.

"తలుపు వెయ్యమంది నేనే, వరహాలమ్మా. నువ్వు కొడుతుంటే దెయ్యమనుకుని పారిపోయింది కూడా నేనే. పది నిమిషాలు గేటు దగ్గర నిలబడ్డాను. పోలీసులు అడిగితే ఇదే చెప్తాను. నువ్వూ ఇదే చెప్పు."

"తీసింది కూడా నువ్వే కదమ్మా" అంది వరహాలమ్మ. ఆ తరవాత, ఎవరినీ నిందించని గొంతుతో అడిగింది — "బస్సులో నన్నెవలూ ఎతకనేదేటి?"

అనూరాధ గుమ్మం దగ్గర నిలబడ్డ వీరన్న వైపు తిరిగింది. అతను వచ్చినప్పటి నుంచీ లోపలికి అడుగు పెట్టలేదు. మొహంలో నెత్తురు లేదు.

"లెక్క చూసుకోలేదా వీరన్నా? ఒక మనిషి తగ్గితే తెలీలేదా?"

"తగ్గనేదు మేడం."

"ఏంటి?"

"పొద్దున్న పద్దెనిమిది మందిని తెచ్చేను. బస్సెక్కినప్పుడు ఒక్కొక్క తల మీదా సెయ్యేసి లెక్కెట్టేను... పద్దెనిమిదే."

వీరన్న మంచం మీది వరహాలమ్మని చూసి, చూపు తిప్పుకున్నాడు.

"ఎనక సీట్లో ఒకర్తి దుప్పటి కప్పుకుని కూకుంది. మొహం నిండా ఆ రంగే. వరహాలే అనుకున్నాను. మిగతావోలు నిద్దరోతన్నారు. జాలారిపేట మలుపు తిరిగేక నేచి ముందుకొచ్చింది. నన్నొక్కటే అడిగింది మేడం... 'పోతమ్మ ఇల్లు ఇంకా ఆ సివర్నే ఉందా?' అని. ఉందన్నాను. దిగిపోనాది. ఈదిలోకి తిన్నగా నడిసెల్లిపోనాది."

వరహాలమ్మ మోచేతుల మీద లేవబోయింది. ఊపిరి అందక మళ్లీ వాలింది.

"పోతమ్మకెవలూ నేరు" అంది నెమ్మదిగా. "ఒక్కతే కూతురు, సీతాలు. ఐసు కొట్టే పనికెల్లీది. గ్యాసు వొదిలిన నాడు... అది లోపలే ఉండిపోనాది. తలుపేసీసారు."

అనూరాధ ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారగానే షూటింగు ఆపేస్తున్నట్టు అందరికీ ఫోన్ చేసి చెప్పి, వీరన్నని తోడు తీసుకుని జాలారిపేట వెళ్లింది. వీరన్న వీధి మొదట్లోనే ఆగిపోయాడు. రానన్నాడు.

చివరి ఇల్లు. ఒంటి గది. గుమ్మం ముందు ఒక ముసలమ్మ కూర్చుని గిన్నెలో చేప ముక్కలు కడుగుతోంది. తలుపు సగం మూసి ఉంది.

"పోతమ్మంటే మీరేనా?" అనూరాధ గొంతు కాస్త పైకే వచ్చింది.

ముసలమ్మ గిన్నె కింద పెట్టి, తడి వేలు పెదాల మీద ఉంచుకుంది. ఆ మొహంలో భయం లేదు, ఏడుపు లేదు. లోపలికోసారి చూసి, ఇటు తిరిగింది.

"మెల్లగా మాటాడు తల్లీ... మా సీతాలు ఇప్పుడే నిద్దరోయింది."