ఏడో కాలువ చెవులు

"కంగారు పడకండి, ఒక్కొక్కరే వినండి," అంటూ వ్యవసాయ శాస్త్రవేత్త డాక్టర్ మృదుల హెడ్‌ఫోన్ తీసి పూర్ణచంద్రరావు చేతికిచ్చింది.

ఏడో నంబరు కాలువ గట్టు మీద, లస్కరు గది ముందు బల్ల వేశారు. బల్ల మీద రెండు కుండీలు, రెండింట్లోనూ టమాటా మొక్కలు. ఒకదానికి పొద్దున్నే నీళ్ళు పోశారు. రెండోదానికి నాలుగు రోజులుగా చుక్క పోయలేదు. ఒక్కో కుండీ పక్కన అగ్గిపెట్టంత మైక్రోఫోన్ నిలబెట్టి ఉంది. పూర్ణచంద్రరావు కాలువ మొదట్లో ఇరవై ఎకరాల అరటితోట ఉన్న ఆసామి, ఏదీ ఓ పట్టాన నమ్మే రకం కాదు. మొదటి కుండీ విని "ఏం లేదు, గాలి" అని పెదవి విరిచాడు. రెండో కుండీకి మార్చేసరికి కనుబొమలు పైకి లేచాయి.

"ఏందమ్మా ఇది? మూకుట్లో ఆవాలు చిటపటలాడుతున్నట్టుంది."

"అది మొక్క దాహమండీ," అంది మృదుల.

ఆమె చెప్పిన సంగతి ఇదీ. మొక్క వేళ్ళతో నీళ్ళు తీసుకుని, కాండంలో ఉండే సన్నటి గొట్టాల గుండా ఆకుల దాకా లాక్కుంటుంది. అడుగున తడి తగ్గినకొద్దీ ఆ లాగుడు బిగుసుకుని, గొట్టంలో నీటిధార పుటుక్కున తెగుతుంది. తెగినచోట గాలిబుడగ పుడుతుంది. బుడగ పుట్టినప్పుడల్లా టక్కుమని ఒక చప్పుడు. మనిషి చెవి సెకనుకు ఇరవై వేల కంపనాల వరకే వినగలదు. ఈ చప్పుడు నలభై వేల నుంచి ఎనభై వేల దాకా పోతుంది. దాన్నే అల్ట్రాసోనిక్ అంటారు. కంప్యూటర్ ఆ చప్పుడును కిందికి దించి మన చెవికి అందిస్తుంది.

"గర్భిణులకు తీసే స్కానింగు, రైలు పట్టా లోపలి పగులు పట్టే మిషను, సముద్రంలో చేపల గుంపుని వెతికే సోనారు, అన్నీ ఈ జాతి ధ్వనితోనే పనిచేస్తాయి. అక్కడ మనమే ధ్వనిని పంపి, తగిలి తిరిగొచ్చేదాన్ని చూసుకుంటాం. ఇక్కడ పంపేదేమీ లేదు. పైరు చెప్పేది వినడమే మన పని."

గది గుమ్మానికి ఆనుకుని ఇదంతా వింటున్న యోబుకు లోపల ఎక్కడో కలుక్కుమంది. యోబు ఏడో కాలువ లస్కరు. తూములు ఎత్తి, దించి, పద్నాలుగు కమతాలకు నీళ్ళు పంచే ఉద్యోగం. అప్పటికి డ్రైవరు లేని ట్రాక్టర్లు దున్నుతున్నాయి, డ్రోన్లు మందు కొడుతున్నాయి. నీళ్ళ పంపకం ఒక్కటీ తాతల నాటి పద్ధతిలోనే ఉండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా యోబు పాటించిన పద్ధతి ఏమిటయ్యా అంటే, గట్టిగా అరిచినవాడికి ముందు వదలడం. పూర్ణచంద్రరావు అరుపు పై ఆఫీసు దాకా వినిపిస్తుంది కాబట్టి ఆయన తోటకు ముందు. అరవడం చేతకాని నాంచారమ్మ ఆకుతోటకు చిట్టచివర. అది తప్పని యోబుకు తెలుసు. తెలిసే చేశాడు, ఉద్యోగం నిలబెట్టుకున్నాడు.

"ఇకమీదట అరిచే మనుషులకు కాదండీ, అరిచే మొక్కలకే నీళ్ళు," అంది మృదుల. అందరూ చప్పట్లు కొట్టారు. యోబు అందరికన్నా గట్టిగా కొట్టాడు.

ప్రతి కమతంలో ఒక స్తంభం పాతి, దానికి నాలుగు మైక్రోఫోన్లు బిగించారు. గంటకు ఏ తోటలో ఎన్ని చప్పుళ్ళో లెక్క తేలుతుంది. ఎక్కువ ఉన్న తోట తూము మోటారుతో దానంతటదే లేస్తుంది. జనం ఆ స్తంభాలకు చెవులని పేరు పెట్టారు. వాటి దుమ్ము తుడవడం, బ్యాటరీలు చూసుకోవడం యోబు పని.

మొదటి వేసవి హాయిగా గడిచింది. నాంచారమ్మది కాలువ చివర ఎకరంన్నర తమలపాకు తోట. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడే నేల, కాలువ నీళ్ళు తప్ప గతిలేదు. అవిశె చెట్లకు తీగెలు పాకించి, తొమ్మిదేళ్ళుగా ఒంటిచేత్తో పెంచుకొచ్చింది. ఆ వేసవి ఒక్క తీగె వాడలేదు. కోతకు వెళ్ళినప్పుడల్లా యోబును పిలిచి లేత ఆకులు చేతిలో పెట్టేది.

"మేడమ్ గారి చెవుల పుణ్యమన్నా. నేను నోరెత్తకుండానే నీళ్ళొచ్చినై ఈ ఏడు."

ఆ మాట యోబుకు సంతోషంగానూ ఉండేది, సూదితో గుచ్చినట్టూ ఉండేది.

రెండో వేసవికి పైన జలాశయం సగానికి పడిపోయింది. తూములు రోజుకు మూడే లేస్తున్నాయి. అరిటాకు వెడల్పు, ఎండకు తొందరగా అరుస్తుంది. తమలపాకు నీడపట్టున పెరిగే నెమ్మదైన పైరు. నాంచారమ్మ తోట వరసలో ఆరోదో ఏడోదో అయి కూర్చుంటోంది. ఒకరోజు యోబు అక్కడ మైక్రోఫోన్ తుడుస్తుంటే మోచెయ్యి తగిలి తీగె ఒకటి విరిగింది. చేతిలో ట్యాబ్ చూస్తే, పన్నెండు దగ్గరున్న లెక్క నలభైకి ఎగబాకింది. గంటలో తూము లేచింది.

దెబ్బతిన్న తీగె కూడా ఎండిన తీగెలాగే చప్పుడు చేస్తుందని యోబుకు అలా తెలిసింది. అది దాహమో గాయమో మిషనుకు తేడా తెలియదు. ఆకుతోటలోకి ఎవరూ చెప్పులతో వెళ్ళరు. యోబు మూడు రోజులకోసారి చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, భక్తిగా లోపలికెళ్ళి రెండు తీగెలు విరిచి వచ్చేవాడు. పాత పాపం ఇలా కడుక్కుంటున్నానని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. నాంచారమ్మకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని తెలుసు.

అక్కడితో ఆగినా బాగుండేది.

ఓ సాయంత్రం టీకొట్టు దగ్గర పూర్ణచంద్రరావు తన పక్కనే కుర్చీ వేయించి మరీ కూర్చోబెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన పక్కన యోబు కూర్చోవడం అదే మొదలు.

"చివర ఆకుతోటకి వారంలో మూడుసార్లు తూము లేచిందంట గదా యోబూ. ఆ మిషను ఎట్టా ఆలోచిస్తదో చదువుకున్న మాకే అంతుబట్టట్లా. నీకు తెలియని కిటుకుంటదా ఈ కాలువ మీద?"

చెవులొచ్చాక యోబును ఎవరూ ఏదీ అడగడం మానేశారు. దుమ్ము తుడిచేవాడితో మాటలేం ఉంటాయి? అందుకే ఆ మాటకు ఉబ్బిపోయాడు. టీ చల్లారేలోగా మొత్తం చెప్పేశాడు.

"మిషనుదేముందండీ, దానికి చప్పుడు కావాలంతే. పక్కనున్న మొక్కని కాస్త గిల్లితే సరి. ఎండిందనుకుంటది."

"ఓరి నీ అసాధ్యం గూలా!" అని పూర్ణచంద్రరావు వీపు తట్టాడు. ఇంటికెళ్ళే దారిలోనే యోబుకు చేసిన తప్పు తెలిసొచ్చింది. నోరు జారిన మాటను మళ్ళీ నోట్లోకి తీసుకునే మిషను ఏ మేడమూ కనిపెట్టలేదు.

మర్నాటి నుంచి అరటితోట చెవి పక్కన ఒక మనిషి కత్తి పట్టుకుని నిలబడ్డాడు. గంటకో మట్ట చీరేవాడు. వారానికి పసుపు చేలవాళ్ళకు తెలిసింది. ఒకాయన తన చేలోని చెవి స్తంభం చుట్టూ బంతి మొక్కలు నాటించి రోజుకో వరస కోయించాడు. ఎక్కడో కొట్టేసిన పచ్చికొమ్మలు తెచ్చి స్తంభానికి కట్టినవాళ్ళూ ఉన్నారు. పదమూడు కమతాలు పోటీలు పడి మొక్కల చేత అరిపించాయి. మైక్రోఫోన్లు తుడుస్తూ యోబు ఆ కోతలన్నీ చూస్తూ తిరిగాడు. ఎదురుపడ్డవాళ్ళు కన్నుగీటి నవ్వితే నవ్వాడు కూడా. నవ్వినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

నాంచారమ్మ తోటకు నీళ్ళు ఆగిపోయాయి. యోబు రెండు తీగెలు విరిచే చోట పది విరిచాడు. గంటకో మట్ట చీరే అరటితోట ముందు పది తీగెలు ఏ మూలకు? పదకొండో తీగె మీద చెయ్యి వేసినప్పుడు వెనకనుంచి నాంచారమ్మ చూసింది.

"అన్నా! ఏంది నువ్వు చేస్తంది?"

"నీకోసమే చెల్లెమ్మా. ఇది అరిస్తేగాని తూము లేవదు. అందరూ ఇదే చేస్తన్నారు."

ఆమె విరిగిన తీగెలు ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకుంది. కోపం కన్నా నిర్ఘాంతపోవడమే ఎక్కువగా కనిపించింది ఆ మొహంలో.

"కోతకొచ్చిన ఆకు తుంచేటప్పుడు కూడా పక్క ఆకుకి గోరు తగలనియ్యను నేను. దీన్ని ఏడిపించి నీళ్ళు అడుక్కోమంటావా? వద్దన్నా. ఇంకెప్పుడూ వేలు పెట్టమాక."

ఈ కిటుకు పై చేలకు పాకింది తన నోటినుంచేనని అప్పుడే చెప్పాల్సింది. యోబు చెప్పలేదు. గట్టెక్కి ఫోను తీశాడు, మృదుల నంబరు దాకా వెళ్ళాడు. మొదట తీగె విరిచింది ఎవరని ఆమె అడిగితే? ప్రభుత్వ మిషనును మోసం చేసినవాణ్ణి ఉద్యోగంలో ఉంచుతారా? రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు పద్దెనిమిది రోజులు సాగింది.

నాంచారమ్మ పై కాలువలోంచి బిందెలతో నీళ్ళు మోసింది. ఎకరంన్నరకు బిందెలేం సరిపోతాయి? ఆకులు పసుపుబారాయి, అంచులు మాడాయి, తీగెలు అవిశె చెట్ల మీద నుంచి జారి వేలాడాయి. యోబు ట్యాబ్‌లో ఆ తోట లెక్క ముప్పై, యాభై, అరవై అయింది. అరటితోట లెక్క రెండొందలు. తర్వాత ఆకుతోట లెక్క తగ్గడం మొదలుపెట్టింది. యాభై, ఇరవై, మూడు. వాన చినుకేమైనా పడిందా అని యోబు ఆకాశం వంక చూశాడు. తగ్గుతున్న లెక్కను నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి నమ్మాడు. ఆ రోజుల్లో చివరి తోటవైపు నడవడం కూడా మానేశాడు.

పంతొమ్మిదో రోజు మృదుల నగరం నుంచి వచ్చింది. కారు దిగుతూనే ట్యాబ్ చూపించింది. పద్నాలుగు చుక్కల్లో పదమూడు ఎర్రగా ఉన్నాయి. చివరి ఒక్కటి ఆకుపచ్చగా వెలుగుతోంది.

"చూశారా యోబు గారూ? కాలువ మొత్తం అల్లాడిపోతుంటే ఈ ఒక్క తోట నిశ్చింతగా ఉంది. మూడు రోజులుగా ఒక్క చప్పుడు లేదు. ఇంత పొదుపుగా నీళ్ళు ఎలా వాడుతున్నారో ఆవిడ చేత మిగతా రైతులకు పాఠం చెప్పించాలి. పదండి, అభినందించి వద్దాం."

యోబు ఆమె వెనకే నడిచాడు.

తోట దగ్గర మృదుల అలవాటుగా చెప్పులు విడవబోయి ఆగిపోయింది. అవిశె చెట్ల మధ్య పచ్చటి తమలపాకు తీగె ఒక్కటి లేదు. చెట్లకు గోధుమరంగు తాళ్ళేవో చుట్టినట్టుంది. నాంచారమ్మ వాటిని కొడవలితో కోసి కుప్పవేస్తోంది. స్తంభం మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

మృదుల ఒక తీగెను చేతిలోకి తీసుకుంది. అది పొడిపొడిగా విరిగింది.

"నీటిధార తెగితేనే చప్పుడు. తెగడానికి లోపల నీళ్ళంటూ ఉండాలిగా. చచ్చిపోయిన మొక్క చప్పుడు చెయ్యదు. దాన్ని నేను... సుఖంగా ఉందని రాసుకున్నాను."

ఆమె కళ్ళు తుడుచుకుని యోబువైపు తిరిగింది. "మరి మిగతావన్నీ అంత ఎర్రగా ఎందుకున్నాయి? వాటికి నీళ్ళందాయిగా?"

"అది నా పాపం మేడమ్," అన్నాడు యోబు. మోచెయ్యి తగిలిన రోజు నుంచి టీకొట్టు దాకా అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ నాంచారమ్మ మొహం చూడలేదు. చివర్న చేతులు జోడించాడు. "నిన్ను నిలబెడదామనుకున్నా చెల్లెమ్మా. నా నోటితోనే నీ తోట ఎండబెట్టా."

నాంచారమ్మ కొడవలి పక్కన పెట్టింది.

"నాకు తెలుసన్నా. అరటితోటలో మట్టలు చీరేవాడే చెప్పాడు, లస్కరే నేర్పాడని. నువ్వు నా తోటలో దొరికిన రెండో రోజునే తెలిసింది."

"తెలిసి... మేడమ్‌కి ఎందుకు ఫోన్ చెయ్యలా నువ్వు?"

"నేను చెబితే నీ ఉద్యోగం పోద్ది. నీ అంతట నువ్వు చెప్పుకుంటే ఈవిడ క్షమిస్తదనుకున్నా. ఇయ్యాల వస్తావు, రేపొస్తావు అని గట్టు వంక చూస్తా నీళ్ళు మోశా. వారంలో వచ్చినా సగం తోట బతికేది."

మృదుల గబగబా ట్యాబ్ మీద ఏదో నొక్కింది. దూరంగా మోటారు మోగింది. తూము లేచి, బోదెలోంచి నీళ్ళు ఎండుటాకులను తోసుకుంటూ లోపలికి రావడం మొదలైంది.

నాంచారమ్మ చీరకుచ్చెళ్ళు దోపుకుని గట్టెక్కింది.

"ఆపమ్మా, దీనికెందుకు ఇప్పుడు? పై చేలల్లో కోతలు పడ్డ మొక్కలు బోలెడున్నై, వాటికి పంపు. అన్నా, నువ్వు ఊరికే నిలబడకుండా ఆ కుప్ప అటుపక్క పట్టుకో."

యోబు వంగి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తీగెల కుప్పను గట్టు మీదికి మోసుకెళ్ళారు.