హైన్రిష్ డెట్మర్ ఏ ఊరివాడు?

సెయింట్ లూయిస్‌లోని తన ఆఫీసులో డిటెక్టివ్ ఆర్నో టీమన్ కుర్చీ చూపించినా లియోనా డెట్మర్ కూర్చోలేదు. చేతిసంచీని గుండెలకు హత్తుకుని నిలబడే ఉంది.

“నన్ను దొంగంటున్నారండీ. ఆదివారం చర్చి పెద్దలు విచారణకు కూర్చుంటారు. చర్చి బడిలో నా పంతులమ్మ ఉద్యోగం ఇక ఊడినట్టే.”

టీమన్ సహాయకురాలు వెర్నా ఆమె చేతికి కాఫీ ఇచ్చింది. టీమన్ కళ్ళు మూసుకున్నాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆయనకదే అలవాటు. నిద్రపోతున్నాడనుకుని ఎంతమంది దాచుకున్న మాట జారారో తలుచుకుంటే, ఆయన దగ్గర చేరి నాలుగేళ్ళయినా వెర్నాకు ముచ్చట తీరలేదు.

లియోనా చెప్పిందిది. ఆమె ముత్తాత హైన్రిష్ డెట్మర్ వందేళ్ళ కిందట జర్మనీ నుంచి మిస్సోరీకి వచ్చి హోల్ట్‌హైమ్‌లో స్థిరపడ్డాడు. ఏ ఊరి నుంచి వచ్చాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఓడవాళ్ళు ‘ప్రష్యా’ అని రాజ్యం పేరు మాత్రం రాసి ఊరుకున్నారు. ఊరిపేరు తెలిస్తే తప్ప అక్కడి చర్చికి ఉత్తరం రాయడానికైనా లేదు. హోల్ట్‌హైమ్ చర్చి మరణాల పుస్తకంలో ఒక్కొక్కరికీ పుట్టిన ఊరు రాసి ఉంటుంది. అది చూస్తానని లియోనా పదిమందిలో చెప్పింది. వారం తరువాత పాస్టర్ పుస్తకం ఆమె చేతికిచ్చి, ఫోను మోగితే పక్కగదికి వెళ్ళాడు. తెరిస్తే ముత్తాత చనిపోయిన ఏటి పుట లేదు. ఎవరో కత్తిరించారు.

“ఆయన తిరిగొచ్చేసరికి పుస్తకం నా చేతిలో ఉంది. ఇంకేం చెప్పను?”

టీమన్ కళ్ళు తెరిచాడు. “పదండి.”

హోల్ట్‌హైమ్‌లో పాస్టర్ రూలండ్ చర్చి వెనకగది తలుపు తీసి పుస్తకం ముందు పెట్టాడు. ఆయన ఆ ఊరొచ్చి రెండేళ్ళే. టీమన్ కత్తిరింపు అంచును వేలితో తడిమి వెర్నాకు చూపించాడు. బ్లేడుతో ఒక్క గీతలో తెగింది కాదు. చిన్నచిన్న మెట్లుగా ఉంది. పక్క పుటల రాత పాతకాలపు జర్మన్ గొలుసుకట్టు. వెర్నా తాతముత్తాతలు కూడా జర్మన్లే, అయినా ఆమెకు ఒక్క అక్షరం కొరుకుడు పడలేదు.

“ఈ గది తాళాలు ఎవరి దగ్గరున్నాయి?”

“నా దగ్గరొకటి. సంఘపెద్ద ఆగస్ట్ డెట్మర్ దగ్గరొకటి. ఆయన అక్క హుల్డా గారి దగ్గరొకటి. బలిపీఠం గుడ్డలు ఆవిడే ఇక్కడ కూర్చుని కుడతారు.”

ఆగస్ట్ శ్మశానంలో గడ్డి కోస్తూ కనిపించాడు. లియోనాకు పెదనాన్న. ఆమెను చూడగానే మొహం తిప్పుకున్నాడు.

“మా తాత రాయి చూడాలా? అదిగో. చదువుకోండి.”

“మీరే చదివిపెట్టండి,” అన్నాడు టీమన్.

“ఆ కొక్కిరి గీతలు ఎవడికొచ్చు? నేను బడిలో చేరిన రెండేళ్ళకే జర్మన్ మాన్పించేశారు. అంతా మా అక్కకే వచ్చేది. ఇప్పుడావిడా మర్చిపోయానంటుంది.”

టీమన్ మోకాళ్ళ మీద కూర్చుని స్వయంగా చదివాడు. అడుగు వరుసలు నేలలో కూరుకుపోయి ఉన్నాయి. పక్కరాయి భార్యది. “కత్తరీనా డెట్మర్. పుట్టింటిపేరు డెట్మర్.”

“పుట్టింటికీ మెట్టినింటికీ ఒకటే పేరా?” అంది వెర్నా.

“చుట్టాల్లోనే చేసుకుని ఉంటారు. మీకెందుకమ్మా?” అన్నాడు ఆగస్ట్.

హుల్డా వాళ్ళను వంటింట్లోనే కూర్చోబెట్టి దాల్చినచెక్క కేకు పెట్టింది. ఒళ్ళో తెల్లటి గుడ్డ ఉంది. కుట్టుపని పిట్టముక్కు కత్తెరతో దారం తుంచుతూ, మేనకోడలి వంక చూడకుండానే మాట్లాడింది.

“పోయినవాళ్ళ పేర్లు తవ్వుకుని ఎవరు బాగుపడ్డారు, లియోనా? ఉన్న పేరుతో బతకలేమా?”

“నేనేం చేశానత్తయ్యా?” అంది లియోనా. హుల్డా ఇంకో దారం తుంచింది. టీమన్ కేకు ఇంకో ముక్క అడిగి తిన్నాడు. తిరిగొచ్చేటప్పుడు, ఆగస్ట్ ఎంత సణిగినా వినకుండా, పార తెప్పించి హైన్రిష్ రాయి అడుగున మట్టి కాస్త తీయించాడు. ఊరిపేరు ఉండాల్సిన చోట రాయి తేమకు పెచ్చులూడి ఉంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, పెద్దలు విచారణకు కూర్చోకముందే, టీమన్ పాస్టర్‌నూ డెట్మర్లు ముగ్గురినీ వెనకగదిలోకి పిలిచాడు.

“ఇది చేసినవాళ్ళకి పాత రాత చదవడం రావాలి. లేకపోతే వందల పుటల్లో ఆ ఒక్క పుట దొరకదు. ఆగస్ట్ గారికి సమాధిరాయే చదవడం రాదు. పాస్టర్ గారికి వచ్చు. కానీ ఆయన దాచదలుచుకుంటే పుస్తకం లేదంటే సరిపోయేది, తెచ్చి చేతిలో పెట్టక్కర్లేదు. లియోనా తను వెతుకుతున్నదాన్ని తనే చింపుకోదు. అంచు చిన్న కత్తెరతో తెగింది.” ఆయన గొంతు తగ్గించాడు. “పైగా లియోనా వెతికింది ఊరు. మీ దగ్గర పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు, హుల్డా గారూ. మీరే ఎత్తారు. మీ తాతకి ఇంకో పేరుందని మీకు ఆ పుటలో తెలిసింది.”

ఆగస్ట్ లేచి నిలబడ్డాడు. “నోరు జాగ్రత్త! మా అక్క...”

“కూర్చోరా ఆగస్టూ,” అంది హుల్డా. “నేనే.”

ఆమే చెప్పింది. జర్మనీతో మొదటి ప్రపంచ యుద్ధం జరిగే రోజుల్లో ఆమెకు పదహారేళ్ళు. ఊళ్ళోవాళ్ళే గుంపుగా వచ్చి, దేశద్రోహుల ఇల్లని గుర్తుగా ఇంటికి పసుపు రంగు పూశారు. నాన్నను వీధిలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, “నీ అసలు పేరేంట్రా, గూఢచారీ?” అని అరిచారు.

“‘డెట్మర్, నా పేరు డెట్మరే’ అని నాన్న ఏడ్చాడు. లియోనా కంటే ముందే చూద్దామని మొన్న పుస్తకం తెరిస్తే, ‘పోల్కోటర్, డెట్మర్ అనబడువాడు’ అని ఉంది. తాత ఏదో చేసి, పేరు మార్చుకుని పారిపోయి వచ్చాడనుకున్నాను. అయితే నాన్న ఆ రోజు అబద్ధమాడినట్టేగా?”

“లేదమ్మా,” అన్నాడు టీమన్. “జర్మనీలో వెస్ట్‌ఫాలియా వైపు పల్లెల్లో పేరు పొలానిది. మగపిల్లలు లేని ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు ఆ పొలం పేరే ఇంటిపేరుగా పెట్టుకోవాలి. అదే అక్కడి ఆచారం. కత్తరీనా గారి పుట్టింటిపేరు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మీ తాత పారిపోయిన మనిషి కాదు. ఇల్లరికపు అల్లుడు.”

“అయితే మేం డెట్మర్లం కామా?” అన్నాడు ఆగస్ట్ గాబరాగా.

“నాయనమ్మ వైపు నుంచి నిఖార్సైన డెట్మర్లు.”

పాస్టర్ నవ్వాపుకున్నాడు. లియోనా నవ్వలేదు. “నన్ను దొంగంటుంటే చూస్తూ కూర్చున్నావా అత్తయ్యా?”

“కూర్చున్నానే,” అంది హుల్డా. “ఇప్పుడు పెద్దలందరి ముందూ నేనే చెప్తాను. నువ్వు క్షమించకపోయినా చెప్తాను.”

ఆమె కీర్తనల పుస్తకంలోంచి మడతపెట్టిన పుట తీసి మేనకోడలి ముందు పెట్టింది. లియోనా మడత విప్పి చూసింది. తరువాత కుర్చీ దగ్గరికి లాక్కుని, పుటను అత్తయ్య వైపు జరిపింది.

“నాకు ఈ అక్షరాలు సగమే వచ్చు. చదువు.”

హుల్డా కళ్ళజోడు సర్దుకుంది. ఆ ఊళ్ళో నలభయ్యేళ్ళుగా ఎవరూ పైకి పలకని భాషలో, మొదట తడబడుతూ, తరువాత బడిపిల్లలా తలాడిస్తూ చదివింది. చివరి వరుసలో వెస్టర్‌లోహె అనే ఊరిపేరు వినిపించింది. వెర్నా టీమన్ వంక చూసింది. ఆయన కళ్ళు మూసుకుని లేడు.

ఆగస్ట్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మళ్ళీ చదువక్కా,” అన్నాడు.