మిరియం వేయని కషాయం

మాఘ శుద్ధ పంచమి నాడు, పొద్దు పొడిచిన నాలుగు గడియలకు, మిట్టకోట రాజు బలభద్రుడు భోజనం దగ్గర నెత్తురు కక్కాడు. సాయంత్రానికి ఊళ్ళో మరో పదకొండు మంది కక్కారు. వాళ్ళలో నాగక్క ఒకతె. అడవిలో వేర్లు తవ్వుకుని బతికే మనిషి.

అందరిదీ ఒకటే బాధ. ముద్ద మింగితే కడుపులో నిప్పు పడ్డట్టు మంట. వైద్యులు మిరియాల కషాయం పోశారు. మిట్టకోటలో జలుబుకైనా, కడుపునొప్పికైనా ముందు మిరియాలే దంచుతారు. మూడో రోజుకు నూట నలభై మంది మంచం పట్టారు. నలుగురు చనిపోయారు.

నాగక్క కూతురు ఓబులమ్మకు పద్నాలుగేళ్ళు.

"కడుపు మంటకు మా అమ్మ అతిమధురం వేరు కాచి పోసేది," అంది నాగక్క. "రాక్షసి వనంలో ఉండేది. పోయిన కార్తీకంలో రాజు మనుషులు అంతా పెరికేసినారు, కోటలో దాచుకుందామని. దాచిందంతా పురుగు పట్టిపాయె. ఈ మంట ఆ రాక్షసి పెట్టిందే."

"ఒక్క మొక్కైనా మిగిలుండదా?"

"పోవద్దే."

ఓబులమ్మ ఆ పూటే బయలుదేరింది.

నాలుగో రోజున వాగు ఒడ్డున ఒక ముని కనిపించాడు. ఆమె దారి అడిగింది.

"పోయి వచ్చినవాళ్ళను అడుగు," అన్నాడు ముని.

"ఎవురన్నా వచ్చినారా, సామీ?"

"లేదు. కార్తీకం తర్వాత ఒక్కరూ రాలేదు. ఉత్తరంగా పో. ఎముకలు కనిపిస్తే దారి తప్పలేదని అర్థం. మీ అమ్మ నెత్తురు కక్కిందా?"

"కక్కింది."

"అయితే పదో రోజు దాటదు. ఇవాళ నాలుగోది."

ఐదో రోజు ఎముకలు కనిపించాయి, ఇద్దరు మనుషులవి. ఆరో రోజు ఎద్దంత ఏదుపంది ముళ్ళు లేపి దారికి అడ్డంగా నిలిచింది.

"వేరు ఎట్ల తవ్వుతారో చెప్పు. తప్పు చెప్తే పొడుస్తా," అంది.

"మొదలుకు జానెడు అవతల తవ్వుతాం. మూడు వేర్లుంటే ఒకటే కోస్తాం. మట్టి కప్పి, తెచ్చుకున్న నీళ్ళలో సగం పోస్తాం."

"సగమేనా?"

"తక్కిన సగం నేను తాగొద్దా?"

ఏదుపంది ముళ్ళు దించింది. "రాజు మనుషులు ఇద్దరు ఈ మాట చెప్పలేకపోయినారు," అంది.

వనం నడుమ ఒక గుహ ముందు రాక్షసి కూర్చుని ఉంది. పక్కన గుబురుగా పిలకలు వేసిన అతిమధురం మొక్క ఒక్కటే ఉంది.

"వేరు ఇస్తా. కాచేది వస్తేనే. ముందు నువ్వు కాచుకుని తాగల్ల," అంది.

ఓబులమ్మ కుండలో వేరు ముక్క వేసింది. నాలుగు గిద్దెల నీళ్ళు ఒక గిద్దె అయ్యేదాకా కాచింది. కొంగుముడి విప్పి, నాలుగు మిరియాలు నలిపి వేసింది. ఎందుకని ఆలోచించలేదు. చెయ్యి అలవాటుగా పోయింది.

"తాగు," అంది రాక్షసి.

తాగిన వెంటనే ఓబులమ్మ కడుపు పట్టుకుని కూలబడింది. ఉమ్మితే నెత్తురు పడింది.

"నేను పెట్టిన మంట ఇంత లేదు. దాని మీద మిరియాలు పోసి పెంచుకునేది మీరు."

"తెలీదు నాకు."

"నీకే కాదు, మీ ఊళ్ళో ఎవురికీ తెలీదు. లేసి ఇంకోటి కాచు."

రెండోసారి మిరియాలు వేయలేదు. తాగాక మధ్యాహ్నానికి నొప్పి తగ్గింది.

రాక్షసి రెండు వేర్లు, అరవై పిలకలు ఇచ్చింది. "ఎందరికి కాచినా ఈ వేరు తరగదు. మిరియం తగిలితే బూడిదే. ఈ పిలకలు నాటి, మీరు పెరికిన వనాన్ని తిరిగి పెంచేదాకా మంట మీ ఊరిని వదలదు. పొద్దున్నే, అన్నానికి ముందు, ఇది తాగినోళ్ళను మాత్రం ముట్టదు. పో."

తొమ్మిదో రోజు పొద్దున ఓబులమ్మ కోట చేరింది. అప్పటికి ముప్పై ఎనిమిది మంది చనిపోయారు. రాజు వంటవాడు అక్కులప్ప ఒక వేరు తీసుకున్నాడు.

"మిరియాలు వేయొద్దు, మామా."

"రాజుగారికి పోసేది, పాపా. మిరియం లేకుంటే కషాయమంటారా, కుడితంటారా?"

"నేను తాగి చూసినా. నెత్తురు పడింది."

"చిన్నపిల్లవి. కారం ఓర్చుకోలేకపోయుంటావు."

ఆమె కుండకు అడ్డం నిలబడింది. భటులు బయటికి నెట్టారు. రాజు మధ్యాహ్నం తాగాడు. పొద్దు వాలకముందే చనిపోయాడు. కుండ అడుగున బూడిద ఉందని అక్కులప్పే రాణితో చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే ఓబులమ్మ రెండో వేరు ఇంట్లో కాచి తల్లికి పోసింది. తర్వాత ఇరుగుపొరుగుకు పోసింది.

మర్నాడు పొద్దున రాణి మల్లమాంబ నడుచుకుంటూ ఆ గుడిసెకు వచ్చింది. వరుసలో నలభై మంది ఉన్నారు. ఆమె చివర నిలబడి, తన వంతు వచ్చాక తాగింది. రాజుగారి మిరియాల తోట కొట్టించి అరవై పిలకలూ అక్కడ నాటించింది. తోట కాపలా ఓబులమ్మకు అప్పగించింది. ఊరంతా రోజూ పొద్దున్నే, అన్నానికి ముందు, ఆ కషాయం తాగసాగారు. ఆ రోజు నుంచి కొత్తగా ఎవరూ నెత్తురు కక్కలేదు.

పదమూడో రోజున నాగక్క పిడికెడు అన్నం తిన్నది. కక్కలేదు.