పలకకూడని నీళ్ళు

రైల్వే స్టేషన్లో అనౌన్సరుది ఒక చిత్రమైన బతుకు. ఊళ్ళో సగంమంది అతని గొంతు గుర్తుపడతారు, ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. పద్నాలుగేళ్ళుగా ఏ రైలు ఎంత ఆలస్యమో చెబుతున్న ఈ అనౌన్సరు కొట్లో నిలబడి "అరకిలో టమాటాలు" అన్నాడంటే, పక్కవాళ్ళు తల తిప్పి, ఏ ప్లాట్‌ఫారం మీదికో అన్నట్టు చూస్తారు. అంత గొంతున్నవాడు సొంత ఇంట్లో ఒక్క మాట వినడం కోసం ఎనిమిది నెలలుగా చెవులు రిక్కించుకుని కూర్చున్నాడంటే నవ్వొస్తుంది. కానీ నిజం.

ఎనిమిది నెలల కిందట అతనికి పెళ్ళయింది. భార్యతో పాటు ఆమె తొమ్మిదేళ్ళ కూతురు చిట్టి కూడా ఆ ఇంటికొచ్చింది. పాలు తాగే వయసులోనే కన్నతండ్రి పోవడంతో ఆ పిల్ల ఎవరినీ నాన్నా అని పిలిచి ఎరగదు. ఇతన్నీ పిలవలేదు. అలాగని పెంకితనమా అంటే అదీ లేదు. "మీరు కాస్త జరుగుతారా", "మీ ఫోను మోగుతోంది" అంటుంది, అంతే. తల్లితో చెప్పేటప్పుడు "ఆయన" అంటుంది. రెండు రోజులుండి పోయే చుట్టానికి చేసే మర్యాద అది. తిట్టినా బాగుండేదని అతనికి చాలాసార్లు అనిపించింది.

"దానికి కాస్త టైమివ్వండి" అనేది భార్య.

"టైము గురించి నాకా చెప్తావు?" అని నవ్వేవాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది.

చిట్టికి చేపలంటే ప్రాణం. అందుకే సెలవుల్లో రెండు రోజులకి ఒక చిన్న యాట్, అంటే గదులున్న షికారు పడవ, మాట్లాడాడు. తీరం వెంబడి తిరగడం, నీళ్ళు తేటగా ఉన్న చోట ఆగి, మొహం నీళ్ళలో పెట్టి తేలుతూ స్నార్కెలింగ్ చెయ్యడం, రాత్రికి పడవలోనే పడుకోవడం. నీళ్ళ కింద ఇద్దరూ పక్కపక్కన ఈదుతూ చేపలు చూస్తుంటే పిల్ల మనసు మెత్తబడదా అని అతని ఆశ. ఆశకి అంతేమిటి!

పడవ మీద సిబ్బంది అంతా కలిపి ఒక్క సరంగు. అరవై దాటిన మనిషి, ఎండకి నల్లగా కాలిన మెడ, ఆ మెడలో తాడుకి ఒక ఇనుప ఈల. ముగ్గురికీ తలా ఒక మాస్కు, ఊపిరి పీల్చుకునే గొట్టం, పాదాలకి తొడుక్కునే రబ్బరు రెక్కలు, మెడలో వేసుకోవడానికి ఒక్కో ఈల ఇచ్చాడు. ఇచ్చి, బడిపంతుల్లా వేలెత్తాడు.

"నా పడవలో ఒకటే నియమం. నీళ్ళలో ఉన్నప్పుడు ఎవరూ ఎవర్నీ నోటితో పిలవొద్దు. ఎవరైనా పిలిచినట్టు వినబడినా పలకొద్దు. ఒక ఈల వేస్తే రమ్మని. రెండు ఈలలు వేస్తే ఉన్నపళంగా రమ్మని."

"రైలు స్టేషన్లో మైకు ముందు పిలవడమే నా ఉద్యోగమండీ. పలకొద్దంటే ఎలా?" అన్నాడు అనౌన్సరు.

"మీరు మైకులో పిలిస్తే ఎవరూ తిరిగి పలకరు కద సార్" అన్నాడు సరంగు, నవ్వకుండానే. తర్వాత సర్దిచెప్పాడు. "అక్కడంతా కొండరాళ్ళు. గొంతుని ఎటో కొట్టి ఎటో పంపుతాయి. జనం ఆ గొంతు వెంటపడి తప్పుదారిన ఈదేస్తారు. అదీ సంగతి."

సబబుగానే ఉందనిపించింది.

మధ్యాహ్నం మూడింటికి రెండు రాతి గుట్టల మధ్య లంగరు వేశారు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, లంగరు ఇసుకలో దిగబడ్డ చోటు కూడా పైనుంచి కనబడింది. పడవ దగ్గర డీజిలు వాసన. రాళ్ళ దగ్గర పచ్చి నాచు వాసన. ముగ్గురూ వెనక నిచ్చెన పట్టుకుని దిగారు. చిట్టి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. అతను కొంచెం ఎడంగా, నీళ్ళ మీద బోర్లా తేలాడు.

మాస్కు పెట్టుకున్నవాడు గంతలు కట్టిన గుర్రమే. ఎదురుగా ఉన్నది తప్ప పక్కది కనిపించదు. చెవిలో తన ఊపిరే బుసబుసమంటుంది. కింద పసుపుపచ్చ చేపలు గుంపుగా మళ్ళుతుంటే వాటి వెంట వెళ్ళాడు. ఎంతసేపు వెళ్ళాడో తెలియదు.

అప్పుడు వినబడింది.

"నాన్నా..."

ఆడపిల్ల గొంతు. పల్చగా, కొంచెం సిగ్గుగా, మొదటిసారి అంటున్నట్టు. కుడివైపు రాయి వెనకనుంచి.

తల పైకెత్తాడు. సరంగు చెప్పింది గుర్తులేక కాదు. గుర్తుంది. కానీ ఎనిమిది నెలల తర్వాత ఆ మాట వినబడితే, పలక్కుండా ఈల వెయ్యమంటే ఏ మనిషి వేస్తాడు? నోట్లో గొట్టం ఊడబీకి, ఛాతీ నిండా గాలి పీల్చి, స్టేషనంతా వినబడే గొంతుతో పలికాడు.

"ఓయ్! ఇక్కడున్నాను తల్లీ! వస్తున్నా!"

గొంతుని ఎటో కొట్టి ఎటో పంపుతాయన్న ఆ రాళ్ళు ఈ కేకని మాత్రం తిప్పి పంపలేదు. ప్రతిధ్వని లేదు. దిండు మీద అరిచినట్టు అక్కడే ఆగిపోయింది.

రాయి చుట్టూ వెళ్ళాడు. ఎవరూ లేరు. మళ్ళీ మొహం నీళ్ళలో పెట్టేసరికి ఒక చిన్న చెయ్యి వచ్చి అతని ఎడమ చేతిని పట్టుకుంది. చల్లని చెయ్యి. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మాస్కులో కన్నీళ్ళు తుడుచుకునే వీల్లేదని అప్పుడే తెలిసింది. చెయ్యి వదలకుండా మెల్లగా ఈదాడు. అదిగో అని ఒక చేపని చూపిస్తే, ఆ చిన్న వేళ్ళు సరే అన్నట్టు రెండుసార్లు నొక్కాయి. జన్మకి ఇది చాలనుకున్నాడు. తల తిప్పి చూడాలని కూడా తోచలేదు.

ఈల. వెంటనే ఇంకో ఈల.

తలెత్తాడు. యాభై గజాల దూరంలో పడవ. డెక్కు మీద సరంగు, పక్కన భార్య, ఆమె పక్కన తువ్వాలు చుట్టుకుని బిస్కెట్టు తింటున్న చిట్టి.

అతని చేతిలో వేళ్ళు ఇంకా ఉన్నాయి.

ఒకసారి నొక్కాయి... రెండోసారి నొక్కాయి... జారిపోయాయి.

పడవ దాకా ఎలా ఈదాడో అతనికే తెలియదు.

"పావుగంటయింది మేం పైకొచ్చి. చిట్టి ఉప్పునీళ్ళు మింగేసింది. మీరేమో ఒంటరిగా ఆ చివరికి పోయారు" అంది భార్య.

సరంగు అతని మొహంలోకి చూశాడు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఏమైనా వినబడిందా సార్?"

"లేదు."

"పలికారా?"

"లేదంటున్నానుగా!"

ఎందుకు అబద్ధమాడాడంటే, భయం ఒకటి, సిగ్గు రెండు. నాన్నా అని పిలిపించుకోవాలని ఎంత కక్కుర్తి పడ్డాడో పరాయివాడి ముందు ఒప్పుకోవడం చేతకాలేదు. నిజం చెప్పుంటే లంగరు అప్పుడే లేచేది. సరంగు ఇంజను గదిలోకి దిగిపోయాడు.

సాయంత్రానికి అతని గొంతు బొంగురుపోయింది. చీకటి పడేవేళకి గుసగుస మాత్రమే మిగిలింది. "ఉప్పునీళ్ళు పడలేదు" అంది భార్య. వేణ్ణీళ్ళు కాచి ఇచ్చి, అగ్గిపెట్టంత వంటగదిలో భోజనాల పనిలో పడింది. అతను పక్క క్యాబిన్లో మంచం అంచున కూర్చుని ఎడమ చెయ్యి చూసుకుంటున్నాడు. కడుగుతాడు, తుడుస్తాడు, మళ్ళీ కడుగుతాడు. లేస్తాడు, కూర్చుంటాడు. పడవ అడుగున నీళ్ళు చప్... చప్... మని కొట్టుకుంటున్నాయి. కిటికీలోంచి నాచు వాసన వస్తోంది. మధ్యాహ్నం రాళ్ళ దగ్గరే ఉన్న వాసన, ఇప్పుడు పడవ దాకా వచ్చింది.

పైన, డెక్కు వెనకభాగం నుంచి మాటలు వినబడ్డాయి.

"చిట్టితల్లీ... ఇలా రా. నీకొకటి చూపిస్తాను."

నిండు గొంతు. ఆప్యాయమైన గొంతు. ఊళ్ళో సగంమంది గుర్తుపట్టే గొంతు.

తన గొంతు.

మెట్లు రెండేసి ఎక్కాడు. డెక్కు ఖాళీ. వెనక నిచ్చెన మీద చిట్టి. అప్పటికే ఆఖరి మెట్టు దిగి ఉంది, మోకాళ్ళ దాకా నీళ్ళు. ఒక చెయ్యి నిచ్చెన మీద. రెండోది చీకట్లోకి చాచి ఉంది.

చిట్టీ అని అరవబోయాడు. నోరు తెరుచుకుంది. ఊపిరి వచ్చింది. శబ్దం రాలేదు.

దూకినట్టు వెళ్ళి పిల్ల నడుము పట్టి పైకి లాగాడు. పిల్ల గింజుకుంది. గోళ్ళతో రక్కింది.

"వదులు! వదులు! నాన్న పిలుస్తున్నారు!"

నాన్న అంది. అతని చేతుల్లో ఉండి, నీళ్ళవైపు చూస్తూ అంది.

కింద వంటగదిలోంచి భార్య కేకేసింది. "ఏమండీ! పాప ఎక్కడ?"

అతను మళ్ళీ నోరు తెరిచాడు. గాలి... వట్టి గాలి.

నీళ్ళలోంచి జవాబొచ్చింది. "నా దగ్గరే ఉంది. నువ్వు నీ పని చూసుకో."

"సరేనండీ" అంది భార్య. గరిటె చప్పుడు మళ్ళీ మొదలైంది.

అతను ఒక చేత్తో పిల్లని అదిమి పట్టుకుని, రెండో చేత్తో మెడలో ఈల అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు ఊదాడు. మళ్ళీ రెండుసార్లు. ఊపిరి ఉన్నంతసేపూ ఊదాడు.

సరంగు పైకొచ్చాడు. పిల్ల తడి కాళ్ళని చూశాడు, నోరు తెరుచుకుని శబ్దం లేకుండా ఏడుస్తున్న మనిషిని చూశాడు. లంగరు ఎత్తడానికి కూడా ఆగలేదు. కత్తి తీసి తాడు కోసేశాడు. ఇంజను గర్రుమంది.

"గాలి మారిందమ్మా, వెనక్కి పోదాం" అని మాత్రం భార్యతో చెప్పాడు. పడవ వేగానికి ఆమెకి తల తిరిగి క్యాబిన్లో పడుకుంది.

దారి పొడుగునా అతను డెక్కు మీద గోడకానుకుని కూర్చున్నాడు. పిల్లని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదట కాసేపు బిగుసుకుని ఉంది. తర్వాత మెత్తబడింది. అతని చొక్కాకి తల ఆనించి, చూపుడువేలు పట్టుకుంది. నిద్రపోలేదు. చీకట్లోకి చూస్తూ అప్పుడప్పుడు ఊఁ కొడుతున్నట్టు గొంతులో చిన్నగా మూలిగింది. ఒకసారి కిసుక్కున నవ్వింది కూడా. గండం గడిచిందని, పిల్ల తనకి చేరువైందని అతని కడుపు నిండిపోయింది. మాట పోతే పోయింది, ఈ వేలు చాలు అనుకున్నాడు. మూడు గంటలసేపు పెదవి కదపకుండా, కదిలితే ఆ వేలు వదిలేస్తుందేమో అన్నట్టు ఆ పిల్లని పట్టుకుని కూర్చున్నాడు.

రేవులో దీపాలు కనబడ్డాయి. సరంగు తాడు విసిరి పడవని గట్టుకి లాగాడు. భార్య కళ్ళు నులుముకుంటూ పైకొచ్చింది. మొహం తేటపడి ఉంది.

"ఇప్పుడెలా ఉంది మీ గొంతు?" అంది.

అతను తల అడ్డంగా ఊపి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని సైగ చేశాడు.

"ఎందుకుంటుంది! అప్పుడే తేరుకున్న గొంతుతో మూడు గంటలు కథ చెప్తే ఉంటుందా? నేనూ వింటూనే పడుకున్నా. ఎంత బాగా చెప్పారండీ! అది ఊఁ కొట్టడం కూడా వినబడింది నాకు."

తాడు ముడివేస్తున్న సరంగు చేతులు ఆగిపోయాయి. అతను అనౌన్సరువైపు చూడలేదు. పడవ వెనక నల్లటి నీళ్ళవైపు చూసి, గబగబా ముడి బిగించాడు.

"ఇంకా అయిపోలేదమ్మా" అంది చిట్టి. ఆవులించింది. "మిగతాది ఇంటికెళ్ళాక చెప్తానన్నారు నాన్న. లైటు తీసేశాక."

భార్య చటుక్కున భర్త మొహంలోకి చూసింది. ఆ మాట కోసం ఎనిమిది నెలలు తనూ ఎదురుచూసింది కదా, ఆమె కళ్ళు తడిశాయి. "విన్నారా?" అంది అతని భుజం తట్టి. అతని పళ్ళు టకటకా కొట్టుకోవడం ఆనందమనుకుంది.

సరంగు గట్టు మీదికి కారు పిలిపించాడు. భార్య వెనక సీట్లో ఒక అంచున కూర్చుంది. చిట్టి ఎక్కి రెండో అంచుకి జరిగింది. మధ్యలో మనిషి పట్టేంత చోటు. అతను అక్కడ కూర్చోబోయాడు.

చిట్టి ఆ చోటు మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఎప్పటిలాగే మర్యాదగా, చుట్టంతో చెప్పినట్టు చెప్పింది.

"ఇక్కడ కాదండీ. మీరు ముందు కూర్చోండి."