ఎవరూ చూడని సేవ

ఉమాకాంత్ తెల్లధోతీ కట్టుకుని, నుదుట విభూతి దిద్దుకుని బయలుదేరాడు. నాందేడ్ బజారులో అతనికి స్టీలు గిన్నెల దుకాణం ఉంది. అది తెరిచేలోగా రోజూ గోదావరి ఒడ్డున ఉన్న దత్త మఠం ఊడ్చి, భక్తుల చెప్పులు సర్ది వస్తాడు. అంతటి సేఠ్ చెప్పులు ముట్టుకుంటాడని బజారంతా గొప్పగా చెప్పుకుంటుంది.

లోపలి అర్రలో తల్లి కాశీబాయి మూలిగింది. పక్షవాతంతో కాలూచెయ్యీ, మాటా పోయాయి. కోడలు వత్సల ఆమె కింద తడిసిన దుప్పటి లాగుతోంది.

"జర ఒక చెయ్యి పట్టుండ్రి. ఒక్కదాన్ని లేపలేకపోతున్న," అంది.

"ఆరతి టైమైతంది. అచ్చినంక చూస్త," అంటూ అతను మెట్లు దిగిపోయాడు.

వత్సల ఒక్కతే దుప్పటి మార్చింది. కూతురు సోనాలి చదువుకోసం పుణెకు పోయాక ఆ ఇంట్లో పగలంతా మనిషి గొంతు వినపడదు. ఏమీ కొనేది లేకపోయినా ఆమె కూరగాయల బండిని ఆపి బేరమాడేది. బండి కదిలిపోతే ఇల్లు మళ్లీ నిశ్శబ్దమయ్యేది.

ఆ సాయంత్రం మఠం గురువు నాగనాథ్ మహారాజ్ స్వయంగా ఇంటికి వచ్చాడు.

"నేను మాహూర్ పోయి అమ్మవారి పాదాలకాడనే ఉంట ఉమాకాంత్. ఇగ మఠం గద్దె మీద నువ్వు కూసోవాలె. ఇన్నేండ్లు సేవ చేసినవు," అన్నాడు.

ఉమాకాంత్ కళ్లు చెమ్మగిల్లాయి. గురువు పాదాలు పట్టుకున్నాడు.

"నువ్వేమంటవు బిడ్డా?" అని గురువు, చాయ్ తెచ్చిన వత్సలను అడిగాడు.

ఆమె చాయ్ కింద పెట్టింది. "మఠంల చెప్పులు సర్దితే పదిమంది చూస్తరు మహారాజ్. ఈడ అవ్వ దుప్పటి మారిస్తే ఎవరు చూస్తరు? గందుకే ఈయన గా అర్రలకు రాడు."

"వత్సలా! గురువు ముందల గివేం మాటలు?"

"ఇంకెవరికి చెప్పాలె? ఇంట్ల నా మాట ఇనేటోళ్లుంటే బయట చెప్తనా?"

మహారాజ్ లేచి అర్రలోకి వెళ్లాడు. కాశీబాయి తల నిమిరి, చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. బయటికి వచ్చి శిష్యుడితో మెల్లగా అన్నాడు: "నా పయనం ఇప్పుడు కాదు. నువ్వు మఠానికి రాకు. అవ్వ దగ్గరుండు."

ఉమాకాంత్‌కు తనను వెళ్లగొట్టినట్టే అనిపించింది. తొలిసారి తల్లిని శుభ్రం చేసినప్పుడు వాంతి ఆపుకోలేకపోయాడు. కొడుకు చేత చేయించుకోవాల్సి వచ్చిందని ఆమె ముఖం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది. శభాష్ అనేవాళ్లు లేరు. మఠంలో అతను చెప్పులు సర్దిన చోట అప్పుడే వేరెవరో సర్దుతున్నారు.

కొన్నాళ్లకు, నాలుగు రోజులు ఉండి రమ్మని వత్సలను అతనే గోకుందలోని పుట్టింటికి పంపాడు. మధ్యాహ్నం ఇంట్లో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. తల్లి ఇంటి పైకప్పు వైపే చూస్తోంది. ఎప్పుడూ జనం మధ్య భజన పాడిన మనిషి ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఫోను తీశాడు.

"ఏమైంది? అవ్వకు బాగలేదా?" వత్సల కంగారుపడింది.

"బాగనే ఉంది. ఊకెనే... మాట్లాడబుద్ధయింది."

తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ అతనే మళ్లీ అడిగాడు:

"నీకు రోజూ గిట్లనే ఉండేదా వత్సలా?"

 ఫోనులో ఆమె వెక్కిళ్లు వినపడ్డాయి.

"నన్ను మాఫ్ చెయ్యి," అన్నాడు.

వానాకాలం వెళ్లిపోయాక, ఒకనాటి ఉదయం కొడుకు చేయి పట్టుకునే కాశీబాయి కన్నుమూసింది. దినాలు గడిచాక గద్దె ఎక్కమని మహారాజ్ మళ్లీ కబురు పంపాడు. ఉమాకాంత్ మఠానికి వెళ్లాడు.

"నాతోటి కాదు మహారాజ్. అప్పుడు తగుతననుకున్న. నా ఇంట్ల మనిషి బాధే నాకు కనవడలేదు," అన్నాడు ఉమాకాంత్.

మహారాజ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "గా సంగతి ఎరుకైనోడే కూసోవాలె. పా."

గద్దె ఎక్కిన మొదటి సాయంత్రం నాయ్‌గావ్ నుంచి మారోతి అనే రైతు వచ్చాడు. భార్య మంచం పట్టిందట. ఏ జపం చేయమంటారని అడిగాడు. పాత ఉమాకాంత్ అయితే శ్లోకం చదివి, అర్థం వివరించేవాడు.

"ఆమె దగ్గర ఇప్పుడు ఎవరున్నరు?" అని అడిగాడు.

"పక్కింటామెను కూసోమని అచ్చిన."

"నువ్వేమన్న తిన్నవా?"

 అంత పెద్దమనిషీ తలపాగా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఉమాకాంత్ గద్దె దిగి అతని పక్కన కింద కూర్చున్నాడు. ఏ ఉపదేశమూ చేయలేదు. ఏడుపు ఆగేదాకా అలాగే ఉన్నాడు.

"రేపు మీ ఇంటికొస్తం. నేను, నా ఇంటామె," అన్నాడు చివరికి. అని, ఆడవాళ్ల వరుసలో కూర్చున్న వత్సల వైపు చూశాడు, ఒప్పుకుంటావా అని అడుగుతున్నట్టు.

ఇన్నేళ్లలో భర్త ఆమెను అలా అడిగింది లేదు. కళ్లనిండా నీళ్లతో వత్సల తలూపింది.