పద్నాలుగో వెర్షన్

"ఈ పేపర్ మీరు చదవడం అయిపోయిందా?"

"ఎడిటోరియల్ మిగిలింది."

కోడ్ వర్డ్స్ సరిపోయాయి. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో, పోటీ పరీక్షల పుస్తకాల మీద వంగిన తలల మధ్య, ఏజెంట్ జగదీశ్వర్ తన చీఫ్ రాజశేఖర్ పక్కన కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇలాంటి మాటలు ఎన్ని మార్చుకున్నాడో లెక్కలేదు. ఈసారి ప్రశ్న అడుగుతుంటే ఆవలింత వచ్చింది. దాచుకోలేదు.

చీఫ్ పేపర్ చాటు నుంచే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. కేసు పాతదే. పక్క వీధిలోని గవ్వ గేమ్స్ అనే చిన్న స్టూడియో 'కటాఫ్' అనే క్విజ్ ఆట తయారుచేసింది. అట్టపెట్టెలో పేకముక్కల ఆటగా ఒకటి, ఫోన్లో ఇంకొకటి. అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదివే ముప్పై వేల మంది ఫోన్ ఆట కోసం ముందే పేర్లు రాయించుకున్నారు. దాన్ని విడుదల చేస్తున్న బ్లూ హెరాన్ కంపెనీ వెనక ఒక విదేశీ ముఠా ఉంది. ఆటలో కలపమని కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్టులో దొంగ మాడ్యూల్ పెట్టి, ఆ ఫోన్ల మైకులు వినాలన్నది వాళ్ల ప్లాన్. ఇవాళ హాస్టల్లో నీళ్లచారు తినేవాడే పదేళ్లకు సెక్రటేరియట్‌లో ఫైలు మీద సంతకం పెడతాడు. పెద్ద ఆఫీసర్ జేబులో దూరడం కష్టం గానీ, ఆఫీసర్ కాబోయేవాడి జేబులో దూరడానికి ఒక ఉచిత ఆట చాలు.

"సాయంత్రం నాలుగింటికి లాంచ్. దాని జోలికి పోకు," అన్నాడు చీఫ్. "ఇవాళ విడుదలయ్యే బిల్డ్ క్లీన్. విషం వచ్చే వారం అప్‌డేట్‌లో వస్తది. అప్పుడు రెడ్‌హ్యాండెడ్‌గ పట్టుకుందాం. అరుంధతి రిపోర్ట్ అది."

అరుంధతి బ్లూ హెరాన్‌లో పెద్ద హోదాలో ఉన్న మన ఏజెంట్. ఆమె రిపోర్టంటే డిపార్ట్‌మెంట్‌కు వేదవాక్కు. జగదీశ్వర్ తలూపి లేచాడు.

గవ్వ గేమ్స్‌లో అతడు ఎనిమిది నెలలుగా టెస్టర్. వేషం కట్టుదిట్టంగానే ఉంది: రంగేసిన జుట్టు, రౌండ్ నెక్ టీషర్టు, వీపున బ్యాగు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ కెమెరా మాత్రం ఇంకు కక్కి రెండు టీషర్టులను పాడుచేసింది. టెస్టర్ అంటే రోజంతా ఆడుకోవడమని జనం అనుకుంటారు. అది పెళ్లికి వెళ్లి గిన్నెలు తోమడం లాంటిది. ఒకే ప్రశ్నకు రోజుకు వందసార్లు జవాబు నొక్కాలి. ఎక్కడ ఆగిపోయిందో రాయాలి, సరిచేశాక మళ్లీ వందసార్లు నొక్కాలి. శత్రువుల బుల్లెట్లు చేయలేనిది ఈ ఉద్యోగం చేసింది. అతడి నడుము వంగింది.

అలసటకు అదొక్కటే కారణం కాదు. స్పైరల్ బైండింగ్ షాపు మీద రెండో అంతస్తులో ఉన్న ఆ స్టూడియో మనుషులు అతడికి నచ్చారు. యజమాని రమ్య అశోక్‌నగర్‌లో నాలుగేళ్లు గ్రూప్స్‌కు చదివి, ఒకటిన్నర మార్కు తేడాతో పోగొట్టుకుని, ఆ కడుపుమంటతోనే ఈ ఆట కట్టింది. ప్రోగ్రామర్ భాను ఆమెకు తోడు. వచ్చే వారం కేసు బయటపడితే వాళ్ల రెండేళ్ల కష్టం బూడిదైపోతుంది. ఆ సంగతి తలచుకుంటే జగదీశ్వర్‌కు మెట్లెక్కడం భారమయ్యేది.

లాంచ్ రోజున అందరూ కలిసి అట్టపెట్టె ఆట ఒక రౌండ్ ఆడడం అక్కడి ఆనవాయితీ. మూడున్నరకు అరుంధతి వచ్చింది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, గది నిండా సెంటు. నేల మీదే నాజూగ్గా కూర్చుని, ఈ ఆట మొహం తాను చూడడం ఇదే మొదటిసారని నవ్వింది. రమ్య రూల్స్ చదివి వినిపించింది.

మూడో చుట్టులో అరుంధతికి 'వాయిదా' ముక్క వచ్చింది. రూలు ప్రకారం ఒక చుట్టు ఊరుకోవాలి, అంతే. కానీ ఆమె చేయి తన ముక్కల్లోంచి ఒకటి తీసి, ఎడమ పక్కనున్న భానుకు ఇవ్వబోయింది. సగంలో ఆగి, వెనక్కి తీసుకుంది.

జగదీశ్వర్ ఆ చేతినే చూశాడు. ఎడమవాడికి ముక్క ఇవ్వాలన్న రూలు పద్నాలుగో వెర్షన్‌లో ఉండేది. రమ్య ఒక ఉదయం రాసింది, భాను గొడవపెడితే సాయంత్రానికి కొట్టేసింది. ఆ పూట అది స్టూడియో కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అంటే ఆ రోజే ఎవరో ఆ కంప్యూటర్‌లో దూరి అన్నీ ఎత్తుకుపోయారు. ఆ కాపీని అరుంధతి చదివింది. డిపార్ట్‌మెంట్‌కు మాత్రం దూరడం ఇంకా మొదలే కాలేదని రాసింది. ఆమె మన మనిషి కాదు. విషం వచ్చే వారం రాదు, వచ్చేసింది.

టైము మూడూ నలభై. చీఫ్‌కు ఫోన్ చేశాడు. లైబ్రరీ కదా, ఫోన్ సైలెంట్‌లో ఉన్నట్టుంది. మెసేజ్ పెట్టి, టెస్ట్ ఫోన్‌లో ఆ ఉదయమే వచ్చిన ఫైనల్ బిల్డ్ తెరిచాడు. రెండు ప్రశ్నలు ఆడి, మూసేసి, ఫోన్‌ను బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాడు. ఆటను ఆడుతూ ఎవరైనా పరీక్షిస్తారు. మూసేసిన ఆటను చూస్తూ కూర్చునే ఓపిక ఎనిమిది నెలలు టెస్టర్‌గా నలిగినవాడికే ఉంటుంది. మూడో నిమిషంలో తెర మూలన ఆకుపచ్చ చుక్క వెలిగింది. మైకు ఆన్ అయింది.

"రమ్యా, లాంచ్ ఆపాలె," అన్నాడు.

అరుంధతి తియ్యగా నవ్వింది. ఇలాంటి చిన్న బగ్స్ ప్రతి లాంచ్‌లోనూ ఉంటాయని, రేపు ప్యాచ్ వేస్తే సరిపోతుందని, ఇప్పుడు ఆపితే కంపెనీ కాంట్రాక్ట్ రద్దు చేస్తుందని చెప్పింది. రమ్య జగదీశ్వర్ వైపు తిరిగింది.

"ఒక్కసారి చూపిస్తే బగ్ కాదన్న. మూడుసార్లు చూపియ్యాలె. మన రూలు మనకే గద."

రెండోసారి భాను ఫోన్‌లో చూశారు. మూడు నిమిషాలు గడిచాయి. చుక్క వెలిగింది. మూడోసారికి రమ్య చేయి చాపి, అరుంధతిని ఆమె ఫోన్ అడిగింది. అందులో ఆట ఉండాలి కదా, పబ్లిషర్ మనిషి. అరుంధతి బ్యాగును దగ్గరికి లాక్కుని, అర్జెంట్ కాల్ ఉందని లేచింది. హీల్స్ చప్పుడు మెట్ల మీద గబగబా దిగిపోయింది.

రమ్య తన ఫోన్ తీసి ఆట మూసి బల్ల మీద పెట్టింది. మూడూ యాభై ఐదు. యాప్ స్టోర్‌లో లాంచ్ టైమర్ నడుస్తోంది. ఆపాలంటే ఆమె పాస్‌వర్డ్ కావాలి. చెయ్యి పట్టి ఆపించే అధికారం జగదీశ్వర్‌కు ఉంది. కానీ అతడు కదలలేదు. ఆట ఆమెది.

యాభై ఎనిమిదికి చుక్క వెలిగింది.

"ఆ హాస్టళ్ల నేను నాలుగేండ్లున్న," అంది రమ్య. "ఆడ పొద్దుగాల ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తరన్న, ఇంకొక్క సంవత్సరం చదువుతనని. గవన్నీ ఎవడో వింటడా?"

మొదటిసారి పాస్‌వర్డ్ తప్పు పడింది. రెండోసారి నెట్ తిరుగుతూ నిలబడింది. నాలుగింటికి ఆరు సెకన్ల ముందు తెర మీద 'లాంచ్ రద్దయింది' అని వచ్చింది. రమ్య కీబోర్డు పక్కన తల పెట్టుకుని ఏడ్చింది. జగదీశ్వర్‌కూ కళ్లు మండాయి. గెలిచిన మిషన్‌కు ఇంత దిగులు పడడం అతడికి కొత్త.

అరుంధతి కారు నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. దిగి ఆటో ఎక్కితే ఆటో కూడా ఇరుక్కుంది. మెసేజ్ చూసుకుని చీఫ్ పంపిన మనుషులు నడుచుకుంటూ వెళ్లి పట్టుకున్నారు. రిపోర్టులో దానికి 'ఛేజ్' అని పేరు పెట్టారు.

ఆరింటికి రమ్య ముఖం కడుక్కుని వచ్చింది. జగదీశ్వర్ బ్యాగు సర్దుకుంటున్నాడు.

"సోమారం పదింటికి రా అన్న. ఆళ్ల కిట్టు లేకుంట మల్ల మొదటి నుంచి కడదాం. నువ్వు లేకుంటే కాదు."

అతడు బ్యాగు తగిలించుకుని మెట్లు దిగాడు. కింద చీఫ్ జీపులో ఎదురుచూస్తున్నాడు. మిషన్ ముగిసిందని, సోమవారం హెడ్ క్వార్టర్స్‌లో రిపోర్ట్ చేయమని చెప్పాడు. జగదీశ్వర్ జీపు బానెట్ మీదే, ఆ సోమవారం నుంచే ఆరు నెలల సెలవు కావాలని కాగితం రాశాడు. కారణం అన్నచోట 'నడుము నొప్పి, పూర్తి విశ్రాంతి' అని పెట్టాడు. వంగిన అతడి నడుము వైపు జాలిగా చూసి చీఫ్ సంతకం చేశాడు.

శత్రువులకు ఇరవై రెండేళ్లుగా లక్ష అబద్ధాలు చెప్పిన ఏజెంట్ జగదీశ్వర్, సొంత డిపార్ట్‌మెంట్‌కు చెప్పిన మొదటి అబద్ధం అదే.