ఎప్పుడూ అనుమతించు

పావ్లె ద్రజిచ్‌ని చంపడానికి వచ్చినవాడు తలుపు పగలగొట్టలేదు. బెల్లు కొట్టాడు.

మంగళవారం ఉదయం పదిన్నర. విన్నిపెగ్ నగరం, పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ఏడు నెలలుగా ఆ ఫ్లాట్ చిరునామా ఏ కాగితం మీదా లేదు, ఏ కంప్యూటర్‌లోనూ లేదు. పావ్లె పెనం మీద అట్టు వేసి, చేతిలో గరిటతోనే వెళ్ళి తలుపు తీశాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. అతని భార్య లూబా అప్పుడు కింద లాండ్రీ గదిలో ఉంది. ఆమె పైకి వచ్చేసరికి అట్టు మాడిపోయి గదంతా పొగ.

ఆ చిరునామా తెలిసిన మనిషి, సాక్షులను దాచి కాపాడే రహస్య సర్వీసు మొత్తంలో ఒక్కతే. ఏజెంట్ రూనా ఐనార్సన్. వయసు నలభై ఆరు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదు. మొదటి మచ్చ ఎక్కడ పడిందో బుధవారం పొద్దున్న తెలిసింది.

"కూర్చో రూనా," అన్నాడు చీఫ్ గోర్డన్ ఫైఫ్.

"నిలబడతాను సార్."

"కూర్చో. విన్నాక ఎలాగూ కూలబడతావు."

గదిలో మూడో మనిషి కూడా ఉంది. ఓడెట్ లావల్లె. తెల్లటి నక్కబొచ్చు కోటు, ఎర్రటి పెదవులు. ఆమె నవ్వితే ఎదుటివాడు చేతిలో ఏముందో మర్చిపోతాడు. సాలిడ్‌ఫుట్ అనే యాప్ కంపెనీకి ఆమె ప్రచార అధికారిణి. ఆ కంపెనీ వెనక ఉన్నది ఒక విదేశీ ముఠా అని అప్పటిదాకా ఫైఫ్‌కి తప్ప సర్వీసులో ఎవరికీ తెలీదు. ఓడెట్ ముఠా దగ్గర జీతం తీసుకుంటూ ఏడాదిగా సర్వీసుకి కబుర్లు మోస్తోంది. డబుల్ ఏజెంట్.

ఓడెట్ ఒక ఇయర్‌ఫోన్ రూనా చేతిలో పెట్టింది. మొదట గుడ్డ రాసుకున్న చప్పుడు. మెట్లు ఎక్కుతున్న బూట్లు. ఆ తర్వాత పావ్లె గొంతు, నవ్వుతూ: "రామ్మా రా. కోటు అక్కడ తగిలించు. టీలో జామ్ వేయనా, మా ఊరి పద్ధతిలో?"

రూనా నిజంగానే కూలబడింది.

"ఇది నా కోటు జేబు," అంది.

"నీ జేబులోని ఫోను," అన్నాడు ఫైఫ్. "ఆఫీసు ఫోను ఆఫీసులోనే పెట్టి వెళ్ళావు. రూలు పాటించావు. సొంత ఫోను మాత్రం జేబులో మర్చిపోయావు."

సాలిడ్‌ఫుట్ మంచు మందం చెప్పే యాప్. సరస్సు గడ్డకట్టాక దాని మీద నడిచి, కన్నం తవ్వి చేపలు పట్టేవాళ్ళు అది లేకుండా అడుగు వేయరు. డిసెంబర్‌లో ఒక శనివారం రూనా కూడా పెట్టుకుంది. మైనస్ ముప్ఫై ఒకటి. యాప్ వరసగా అడిగింది. నువ్వున్న చోటు తెలుసుకోవచ్చా? మంచు పగిలే చప్పుడు విని హెచ్చరిస్తాను, మైకు వాడుకోవచ్చా? రూనా చేతొడుగు పళ్ళతో లాగి, మొద్దుబారుతున్న వేలితో రెండుసార్లూ పైనున్న మొదటి బటనే నొక్కింది. ఎప్పుడూ అనుమతించు. మళ్ళీ చేతొడుగు తొడుక్కుంది. సరస్సు మీద అందరూ చేసేది అంతే. ఆ చలిలో షరతులు చదువుతూ కూర్చున్నవాడికి వేళ్ళు మిగలవు.

"పగలగొట్టేస్తాను దీన్ని," అంది రూనా, ఫోను తీసి.

"ఖబడ్దార్! దాని జోలికెళ్ళకు. వాళ్ళు నిన్ను వింటున్నారు. విననీ." ఫైఫ్ ముందుకు వంగాడు. "ముఠాలో పదకొండు మంది పేర్లు తెలిసినవాడు పావ్లె. ఇప్పుడు ఆ పేర్లు తెలిసింది లూబా ఒక్కదానికే. శుక్రవారం కోర్టులో ఆమె నోరు విప్పాలి. అప్పటిదాకా ఊపిరితో ఉండాలి. నీ ఫోను ఒక చోట, లూబా ఇంకో చోట. హంతకుడు నీ ఫోను దగ్గరికి వస్తాడు. మనం పట్టుకుంటాం."

"లూబా ఎక్కడుంటుంది?"

"అది నువ్వే చూసుకో. నాకు చెప్పకు. ఎవరికీ చెప్పకు."

రూనా మళ్ళీ ఇయర్‌ఫోన్ వైపు చూసింది. నలభై ఒక్క గంటల రికార్డింగు ఉందట. అందులో సగం పావ్లె నవ్వే.

*

గురువారం ఉదయం ఎనిమిది గంటలకు గిమ్లీ ఊరి దగ్గర విన్నిపెగ్ సరస్సు మీద ఎండ కళ్ళు పొడుస్తోంది. రూనా ఫోను అప్పటికే రేవు దగ్గర ఒక చేపల గుడిసెలో ఎరగా పడి ఉంది. ఆమె లూబాను దుప్పట్లలో చుట్టి, ఉత్తరాన పదకొండు కిలోమీటర్ల దూరం స్నోమొబైల్ మీద తీసుకెళ్ళింది. అక్కడ ద్వీపం చాటున ఒంటరిగా ఒక చెక్క గుడిసె.

రూనా తలుపు తట్టింది. "చేప పడిందా?"

"రెండే. చిన్నవి," అంది లోపలి గొంతు.

అదే కోడ్‌వర్డు. ఆ సరస్సు మీద ఏ జాలరి అయినా చావు మంచం మీద కూడా చెప్పే జవాబు అదే కనుక ఎవరికీ అనుమానం రాదు.

స్టెఫాన్ హాల్‌గ్రిమ్సన్‌ని ఊరంతా స్టెబ్బీ అంటుంది. డెబ్బై రెండేళ్ళు. రూనా తండ్రికి స్నేహితుడు. ఆ గుడిసెలో ఉన్న కన్నం చోటు నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. సొంత తమ్ముడు జోయి ఒకసారి వెంబడించి వచ్చాడని పదకొండేళ్ళుగా అతనితో మాటల్లేవు.

"ఫోను ఇటియ్యి బాబాయ్."

స్టెబ్బీ గొణుగుతూ ఇచ్చాడు. సిగ్నల్ బయటికి పోనివ్వని సంచిలో దాన్ని పడేసింది రూనా.

"ఇంకేమైనా ఉన్నాయా?"

"నా దగ్గరేముంటాయే పిల్లా! ఒక పెళ్ళాం, ఒక మంచుబండి. పెళ్ళాన్ని కూడా సంచిలో వేస్తావా?"

లూబా మూల కూర్చుని ఉంది. స్టెబ్బీ వేయించిన చేప ముట్టలేదు. రొట్టె ముక్క మీద చక్కెర చల్లుకుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కొరుకుతోంది.

"పావ్లె దీన్ని వెక్కిరించేవాడు," అంది లూబా. "యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా చీమ బుద్ధేనా అనేవాడు."

రూనాకి ఆ క్షణమే చెప్పేయాలనిపించింది. నీ మొగుణ్ణి చంపింది నా వేలు అని. చెప్పకుండానే బయటికి వచ్చేసింది.

*

రేవు దగ్గరి ఎర గుడిసెకి తిరిగొచ్చి, రూనా ఒక ఖాళీ స్టూలుతో మాట్లాడుతూ కూర్చుంది.

"లూబా, దుప్పటి కప్పుకో. రేపు ఈ పాటికి అంతా అయిపోతుంది."

ఫోను బల్ల మీద ఉంది. దాని నెత్తిన నారింజ రంగు చుక్క వెలుగుతోంది. మైకు తెరిచి ఉందని గుర్తు. డిసెంబర్ నుంచి ఎన్నిసార్లు వెలిగిందో ఆ చుక్క! ఒక్కసారైనా కళ్ళెత్తి చూస్తే పావ్లె బతికేవాడు.

కింద మంచు మూలిగింది. మైళ్ళ పొడవున బీట సాగుతూ వచ్చి గుడిసె కిందుగా పోయింది. చిన్నప్పటి నుంచి వింటున్న చప్పుడే. ఈ రోజు మాత్రం అందులో గొంతు వినిపిస్తోంది. కోటు అక్కడ తగిలించమ్మా. టీలో జామ్ వేయనా? రూనా చెవులు మూసుకుంది. చెవులు మూసుకుంటే ఇంకా దగ్గరగా వినిపించింది.

"టీ తాగుతావా లూబా?" అని స్టూలుని అడిగింది. స్టూలు పలకలేదు. రూనాకి ఏడుపొచ్చింది. ఏడుపు కూడా ఫోను వింటుందని దిగమింగుకుంది.

పదకొండున్నరకి ఓడెట్ వచ్చింది. ఫోనుకి వినబడకూడదని ఇద్దరూ బయటికి, జాలరులు వాడే తలుపులూ పైకప్పూ ఉన్న పెద్ద మంచుబండి చాటుకి నడిచారు. చుట్టుపక్కల గుడిసెల్లో నలుగురు ఏజెంట్లు తుపాకులతో కాచుకుని ఉన్నారు.

"బయల్దేరాడు. ఇరవై నిమిషాల్లో ఇక్కడుంటాడు," అంది ఓడెట్. "నువ్వు కదలకు. నీ వాళ్ళెవరూ కదలకూడదు."

"సరే."

ఓడెట్ చేతులు రుద్దుకుంది. "ఏం చలో బాబూ! పాపం ఆ ముసలావిడ ఎలా తట్టుకుంటోందో. చేప పెడితే వద్దందట, రొట్టె మీద చక్కెర చల్లుకుని తింటోందట. చిన్నపిల్లలా!"

"అవును, పాపం," అంది రూనా. చెయ్యి నడుముకున్న సంకెళ్ళ మీదికి పోయింది.

ఆ గుడిసెలో ఉన్నది ముగ్గురు. రూనా ఎవరికీ చెప్పలేదు. స్టెబ్బీ ఫోను సంచిలో ఉంది. అంటే అక్కడ ఇంకో ఫోను ఉంది, ముఠా దాన్ని వింటోంది, ఓడెట్ ఆ సంగతి దాచి తనని ఇక్కడే కదలకుండా ఉంచుతోంది.

ఒక్క ఊపులో ఓడెట్ చెయ్యి వెనక్కి విరిచి మంచుబండి తలుపుకి సంకెల వేసింది.

ఓడెట్ కేక వేయలేదు. నవ్వింది. "ఎక్కడ దొరికాను?"

"చక్కెర దగ్గర."

"అయ్యో! నోరు జారాను." కళ్ళల్లో భయం లేదు. "ఈ సరస్సు మీద రెండు వేల ఫోన్లు మాకోసం వింటున్నాయి రూనా. వాటిలో ఒక ఆడదాని యాస వెతకడం ఎంతసేపు? నువ్వే మాకు దారి చూపించావు అప్పుడు. ఇప్పుడు మీ ముసలాయన. ఆరు నిమిషాల్లో మావాడు అక్కడుంటాడు. నీకు పదిహేను పడుతుంది."

నిజమే. స్నోమొబైల్ ఎంత తోలినా పదిహేను. నలుగురు ఏజెంట్లనూ ఉత్తరానికి తరిమింది రూనా. కానీ వాళ్ళు చేరేసరికి మళ్ళీ పొగ, మళ్ళీ పెనం. ఈసారి కూడా నావల్లేనా దేవుడా అనుకుంది.

అప్పుడు మంచుబండిలో రేడియో గరగరలాడింది. జాలరులందరూ రోజంతా తెరిచి ఉంచే పాత చానల్. ఎవడో ఎవడికో బురిడీ కొట్టిస్తున్నాడు: "ఇక్కడా ఏం లేవురా, రెండే, చిన్నవి."

రూనా మైకు లాక్కుంది.

"అందరూ వినండి! స్టెబ్బీ హాల్‌గ్రిమ్సన్ కన్నం దొరికింది. ద్వీపానికి పడమర, విరిగిన లైట్‌హౌస్‌కి సూటిగా, ఒంటరి చెక్క గుడిసె. పచ్చవీపు పికరెల్ చేపలు ఎగబడుతున్నాయి. పొద్దుటి నుంచి ముప్ఫై తీశాడు. మోచేయంతేసి!"

ఆమె మైకు వదిలీ వదలకముందే స్టెబ్బీ గొంతు పేలింది.

"అబద్ధం! పచ్చి అబద్ధం! ఇక్కడేం లేవు! రెండే! చిన్నవి!"

అంతే. ఇక సరస్సు మీద నమ్మనివాడు లేడు. ఎక్కడెక్కడి గుడిసెల తలుపులో తెరుచుకున్నాయి. ఇంజన్లు వరసగా రాజుకున్నాయి. దిక్కులన్నిటి నుంచీ స్నోమొబైళ్ళు ఉత్తరానికి తిరిగాయి.

*

నల్ల జాకెట్టు మనిషి గుడిసె తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. రెండో చెయ్యి జాకెట్టు లోపల ఉంది.

"ఏయ్! తప్పుకో అక్కణ్ణించి! నేను ముందొచ్చాను!"

స్నోమొబైల్ ఒకటి అతని కాళ్ళ దగ్గరికి దూసుకొచ్చి ఆగింది. స్టెబ్బీ తమ్ముడు జోయి. పదకొండేళ్ళుగా అన్న ఎటు పోతాడా అని అర కిలోమీటరు అవతల కాపు కాస్తున్నవాడు అందరికన్నా ముందు రాకుండా ఉంటాడా?

"కొత్తవాడివా? పద్ధతి తెలీదా? గుడిసె పక్కన తవ్వాలంటే నా తర్వాతే. ఇదిగో, ఈ డ్రిల్లు పట్టుకో. గట్టిగా!"

నల్ల జాకెట్టు చుట్టూ చూశాడు. గట్టు మీదుగా పది బండ్లు దిగుతున్నాయి. వాటి వెనక ఇరవై. ఒక పికప్ ట్రక్కు. ముగ్గురు మామ్మలు స్లెడ్జి మీద కాఫీ ఫ్లాస్కులతో. జాకెట్టు లోపలి చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. ఇంతమంది ముందు ఏం చేస్తాడు? డ్రిల్లు పట్టుకున్నాడు. ఏజెంట్లు వచ్చి సంకెళ్ళు వేసేదాకా జోయి అతని చేత మూడు కన్నాలు తవ్వించాడు.

రూనా చేరేసరికి స్టెబ్బీ తలుపుకి అడ్డంగా నిలబడి వచ్చినవాళ్ళందరినీ తిడుతున్నాడు. ఆమెను చూడగానే ఎర బకెట్టులోంచి ఒక పాత ఫోను తీసి ఆమె కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు.

"నా కన్నాలన్నీ ఇందులోని మంచు యాప్‌లో గుర్తులు పెట్టుకున్నానే! గవర్నమెంటుకి ఇస్తానా? ఇచ్చానా?"

"వాళ్ళకిచ్చావు బాబాయ్. నేనూ ఇచ్చాను."

లోపల లూబా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. బతికి ఉంది. రూనా మోకాళ్ళ మీద కూలబడి మొత్తం చెప్పేసింది. శనివారం, చలి, వేలు, జేబు, టీ, జామ్. ఒక్క ముక్క దాచలేదు.

లూబా పళ్ళెం పక్కన పెట్టింది. బయట ముప్ఫై డ్రిల్లులు మంచుని తొలుస్తున్నాయి.

"నన్ను క్షమించమని అడక్కు," అంది చివరికి. "నాకంత మనసు లేదు. రేపు కోర్టులో నా పక్కన కూర్చో. ఆ పదకొండు పేర్లూ చెప్పేదాకా నా చెయ్యి వదలకు."

రూనా ఆ చెయ్యి పట్టుకుంది. పావ్లె గొంతు ఆగలేదు. ఆగుతుందని ఆమె అనుకోనూ లేదు.

శుక్రవారం లూబా పదకొండు పేర్లూ చెప్పింది. ఓడెట్ పన్నెండో పేరు అయింది.

సోమవారం స్టెబ్బీ వాంగ్మూలం తీసుకున్నారు. ఊరంతా ఆ కన్నం చుట్టూ నాలుగు రోజులుగా చేపలు పడుతూనే ఉంది. అధికారి సరస్సు పటం బల్ల మీద పరిచి, హంతకుడు దొరికిన చోటు గుర్తు పెట్టమన్నాడు. స్టెబ్బీ కళ్ళజోడు సర్దుకున్నాడు. పటాన్ని ఎడమ చేత్తో కప్పుకుని, అసలు చోటుకి పాతిక కిలోమీటర్ల దక్షిణాన ఒక ఇంటూ వేశాడు.

సాక్షి అన్నచోట రూనా కళ్ళు మూసుకుని సంతకం పెట్టింది.